తల నెరసినవారును పరదేశులును

(శతవార్షికోత్సవముల సందర్భమున సంఘస్థుల సభలో చేసిన ప్రసంగము)



నూరేండ్ల పండుగ చేసికొనుచున్న సంఘము వెనుకకు తిరిగి చూచి దేవుని స్తుతించుట న్యాయమే. మన పాఠశాలలను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు, బోర్డింగులను గూర్చియు ఈ సభలలో ఇతరులు చక్కగా ముచ్చటించిరి. మాకు ఒప్పగింపబడిన అంశము వేరు. వృద్ధుల సంరక్షణ గృహములలో జాతి భేదమును ఎదిరించుట, అక్కడ చేరినవారికిని పనిచేయువారికిని సమానమైన చోటు కలిగించుట అనునది ఆ అంశము.

ఇది వినగానే, “ఇది అమెరికావారి గొడవ, ఇంగ్లండువారి గొడవ, మన పల్లె సంఘములకు దీనితో పనియేమి?” అని కొందరికి తోచవచ్చును. పని కలదు. మన సంఘముల ఆడపిల్లలు, మగపిల్లలు నర్సింగు చదివి దేశదేశములకు వెళ్లియున్నారు. వారిలో కొందరు ఈ గడియలోనే ఎవరో తెల్లజాతి వృద్ధురాలికి అన్నము తినిపించుచుందురు, పక్క మార్చుచుందురు. బిడ్డల యొద్దకు వెళ్లిన తల్లిదండ్రులు కొందరు ఆ దేశములలోనే ముసలివారగుచున్నారు. ఇక్కడ మిగిలినవారిని చూచువారు లేక వృద్ధాశ్రమములలో చేర్చుట మన ఊళ్లలోను మొదలైనది. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశములో 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైబడిరి. కాబట్టి ముసలితనమున మనలను లేవదీయు చెయ్యి ఎవరిది, ఆ చేతిని మనమెట్లు చూతుము అను ప్రశ్న మన ఇంటి ప్రశ్నయే.

లేఖనములలో ఒక చిన్న సంగతిని ముందుగా మీ దృష్టికి తెచ్చెదము. లేవీయకాండము 19వ అధ్యాయము 32వ వచనములో వృద్ధులను చూచినప్పుడు లేచి నిలిచి వారిని గౌరవింపవలెనను ఆజ్ఞ గలదు. దీనిని మనము ఆదివారపు బడి పిల్లలకు నేర్పుదుము. అయితే దాని వెంటనే 33, 34 వచనములలో ఏమున్నది? మీ మధ్య కాపురమున్న పరదేశిని బాధపెట్టక, మీలో పుట్టినవానివలెనే చూచి, మిమ్మువలె ప్రేమింపవలెనని యున్నది. ఐగుప్తులో మీరును పరదేశులైయుంటిరి గదా అని కారణము కూడ చెప్పబడినది. ముసలివాని గౌరవమును, పరదేశి గౌరవమును ధర్మశాస్త్రము ప్రక్క ప్రక్కనే నిలిపినది. ఒకదానిని నెరవేర్చుటకై రెండవదానిని మీరవచ్చునని ఎక్కడను చెప్పలేదు. ఈ దినమున మేము చెప్పదలచినదంతయు ఈ రెండు ఆజ్ఞల ఇరుగుపొరుగుతనమును గూర్చియే.

క్రొత్త నిబంధనకు వత్తము. యెరూషలేము సంఘములో రెండు వర్గముల మధ్య సణుగుడు పుట్టినట్లు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో చదువుదుము. ఆ సణుగుడు సిద్ధాంతమును గూర్చినది కాదు, పదవిని గూర్చినది కాదు; విధవరాండ్ర భోజనమును గూర్చినది. గ్రీకు భాష మాటలాడు వర్గపు విధవలకు దినదినము జరుగు వడ్డనలో తక్కువ జరుగుచున్నదని వారు మొరపెట్టిరి. అందరును ఒకే ప్రభువును నమ్మినవారు. అయినను భాష వేరు, పెరిగిన దేశము వేరు. ఆ భేదము వచ్చి దిక్కులేని స్త్రీల పళ్లెములో కనబడెను.

అపొస్తలులు ఏమిచేసిరి? “మన సంఘములో అట్టివి లేవు” అని తోసిపుచ్చలేదు. “ప్రార్థన చేయుడి, అన్నియు సర్దుకొనును” అని పంపివేయలేదు. ఏడుగురిని ఎన్నుకొనుడని సంఘమునే కోరిరి. స్తెఫను మొదలుకొని నీకొలాసు వరకు ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. చివరివాడు యూదుడుగా పుట్టినవాడే కాడు. అంతియొకయనుండి వచ్చి యూదుల మతములో చేరినవాడు. మొరపెట్టిన వర్గమువారి చేతికే గరిటె ఇచ్చిరని దీనివలన మనము గ్రహింపవచ్చును. భేదము పోవలెనన్న మంచి మాటలు చాలవు. అధికారములో పాలు ఇయ్యవలెను. ఇది వృద్ధుల పరిచర్యలో సంఘము నేర్చుకొన్న మొదటి పాఠము.

ఇక ఈ సమస్య బహుగా వేళ్లూనిన దేశమును చూతము. అమెరికాలో బానిసత్వము పోయిన తరువాత కూడ ముసలి నల్లవారికి తెల్లవారి శరణాలయములలో చోటు దొరకుట అరుదు. అందుచేత వారు తమవారికి తామే ఇండ్లు కట్టుకొనవలసివచ్చెను. ఫిలడెల్ఫియా పట్టణములో 1864లో నల్లజాతి వృద్ధులకై ఒక గృహము స్థాపింపబడెను. బానిసగా పుట్టి కలప వ్యాపారములో ధనవంతుడైన స్టీఫెన్ స్మిత్ దానికి గొప్ప పోషకుడు.

మరియొక గృహము కథ మన సంఘస్థులందరును వినదగినది. హ్యారియెట్ టబ్‌మన్ అను స్త్రీ 1849లో మేరీలాండులోని బానిసత్వమునుండి తప్పించుకొని, మరల మరల ప్రాణమునకు తెగించి వెనుకకు వెళ్లి, సుమారు 70 మందిని విడిపించి తెచ్చెను. జనులు ఆమెను మోషే అని పిలిచిరి. తాను ముసలిదైనప్పుడు ముసలివారి కష్టము ఆమెకు తెలియవచ్చెను. 1896లో న్యూయార్కు రాష్ట్రములోని ఆబర్న్ పట్టణమున తన ఇంటి ప్రక్కన 25 ఎకరముల భూమిని వేలములో కొని, నల్లజాతి వృద్ధులకు ఆశ్రయము కట్టదలచెను. దానిని నడుపుటకు డబ్బు చాలక 1903లో ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ జయోను సంఘమునకు అప్పగించెను. 1908లో గృహము తెరువబడెను. అయితే చేరువారు 100 డాలర్లు చెల్లింపవలెనని సంఘపు పెద్దలు నియమము పెట్టగా ఆమెకది ఏమాత్రమును నచ్చలేదు. చేతిలో కానీ లేనివారికొరకే ఆ ఇల్లని ఆమె ఉద్దేశము. 1911లో తానే ఆ గృహములో చేరి, 1913 మార్చి 10న అక్కడనే కన్నుమూసెను.

ఈ కథలో రెండు సంగతులున్నవి. రంగునుబట్టి మూసిన తలుపు ఒకటి. ఆ తలుపు మూయబడినవారు తాము కట్టుకొన్న ఇంటికే డబ్బు తలుపు పెట్టుట రెండవది. ఒక భేదమును జయించిన సంఘములోనికి మరియొక భేదము దొడ్డిదారిని రాగలదు.

ఆ దేశములో 1964లో పౌరహక్కుల చట్టము వచ్చెను. ప్రభుత్వ ధనము పుచ్చుకొను ఏ సంస్థయు జాతి భేదము చూపరాదని అది ఆజ్ఞాపించెను. 1965లో వృద్ధుల వైద్యమునకై మెడికేర్ అను పథకమును శాసించి, 1966 జూలై 1న ప్రారంభించిరి. నల్లవారిని వేరు వార్డులలో పెట్టు ఆసుపత్రులకు ఆ డబ్బు రాదని చెప్పి, తనిఖీదారులను పంపగా, కొద్ది నెలలలోనే వెయ్యికి పైగా ఆసుపత్రులు తమ వార్డులను కలిపివేసినవి. ఎన్నో ఏండ్లుగా ప్రసంగములకు కదలని గోడలు ధనము ఆగునన్నప్పుడు కదలినవి! అయితే ఆసుపత్రులలో జరిగినంత గట్టి తనిఖీ వృద్ధుల నర్సింగు గృహములలో జరుగలేదు. అందుచేత అక్కడ భేదము ఎక్కువకాలము నిలిచెను. చట్టమొకటే చాలదు, వెళ్లి చూచువారు కావలెనని దీని భావము.

చట్టము వచ్చిన 46 ఏండ్లకు, అనగా 2010లో, ఇండియానా రాష్ట్రమునుండి ఒక వ్యాజ్యము అప్పీళ్ల న్యాయస్థానమునకు వచ్చెను. ఒక వృద్ధుల గృహములో ఒక నల్లజాతి స్త్రీ నర్సింగు సహాయకురాలుగా పనిచేయుచుండెను. అక్కడి తెల్లజాతి నివాసి ఒకామె తనకు నల్లవారి సేవ వద్దని కోరగా, గృహమువారు ఆ కోరికను ఒప్పుకొని, దినదినము పనివారికిచ్చు కాగితములో ఆ మాటను వ్రాయుచుండిరి. ఒక దినమున ఈ సహాయకురాలు ఆ వృద్ధురాలు నేలమీద పడి లేవలేకయుండుట చూచెను. లేవనెత్తవలెనని మనస్సు కొట్టుకొనుచున్నను ముట్టరాదను ఆజ్ఞ ఉన్నది. ఆమె తెల్లజాతి సహాయకురాలిని వెదకుచు భవనమంతయు తిరుగవలసివచ్చెను. అంతవరకు ఆ వృద్ధురాలు నేలమీదనే.

సహోదరులారా, ఈ దృశ్యమును మనస్సులో నిలుపుకొనుడి. జాతి భేదమువలన నష్టపోయినది ఎవరు? ఆ సహాయకురాలి గౌరవము నష్టపోయెను, అది నిజమే. అయితే నేలమీద పడియున్న ముసలమ్మకు మాత్రము మేలు జరిగినదా? ఆమె కోరిక నెరవేరినది. ఆమె మాత్రము నేలమీద మిగిలెను. ఆమెను గౌరవించుచున్నామనుకొన్నవారు ఆమెకు అపకారమే చేసిరి. వృద్ధుల గౌరవమును పరదేశి గౌరవమునుండి విడదీసినయెడల రెండును పాడగునని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

న్యాయస్థానము ఆ గృహము చేసినది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. నివాసులకు హక్కులు కలవని గృహమువారు వాదించిరి గాని, పనివారిని రంగునుబట్టి పంచుటకు అది సాకు కాదని న్యాయమూర్తులు చెప్పిరి. మరి అట్టి గృహము ఏమి చేయవచ్చును? దానిని కూడ వారు చూపించిరి. చేర్చుకొనుటకు ముందే ఇక్కడ జాతి భేదము చూపమని తెలియజేసి వ్రాతమూలముగా ఒప్పించుకొనవచ్చును. చేరిన తరువాత నచ్చచెప్పి నడవడి మార్చుటకు ప్రయత్నింపవచ్చును. దూషణకు గురియైన పనివారు తమకు కాపుదల కోరవచ్చునని వారికి ముందే తెలుపవచ్చును. ఇవి మన కమిటీలు కూడ వ్రాసికొనదగిన మాటలు.

ఇంగ్లండు సంగతి మనకు మరింత దగ్గర. 1948 జూన్ 22న ఎంపైర్ విండ్‌రష్ అను ఓడ వెస్టిండీసునుండి వందలాది మందిని టిల్బరీ రేవునకు చేర్చెను. అదే సంవత్సరము జూలై 5న ఆ దేశపు జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమాయెను. నాటినుండి వెస్టిండీసు దీవులవారు, ఆఫ్రికావారు, మనవారు అక్కడి రోగులను వృద్ధులను సేవించుచు వచ్చిరి. 2022 ఫిబ్రవరిలో కేర్ హోములలో పనిచేయువారికి కూడ ప్రత్యేకమైన వీసా దారి తెరువబడగా ఇండియా, నైజీరియా, జింబాబ్వే దేశములనుండి అనేకులు వెళ్లిరి. 2025 జూలై 22న ఆ దారి క్రొత్తగా పోవువారికి మూయబడినది. ముందు వెళ్లినవారిలో అనేకులు ఇంకను అక్కడనున్నారు.

ఇట్టివారి కష్టమును మనము అర్థము చేసికొనవలెను. వారి వీసా వారి యజమానితో ముడిపడియున్నది. ఉద్యోగము పోయినయెడల సాధారణముగా 60 దినములలో మరియొక యజమానిని వెదకుకొనవలెను; లేనియెడల దేశము విడువవలెను. ఏజెంటుకు లక్షలు చెల్లించి, ఇంటి పట్టా తాకట్టు పెట్టి వెళ్లిన పిల్ల, ఎవరైన తన రంగును దూషించినప్పుడు నోరు తెరచి చెప్పగలదా? 2010 సంవత్సరపు సమానత్వ చట్టము ఆ దేశములో రంగు, జాతి, పుట్టిన దేశము అను కారణములచేత పనివారిని తక్కువచేయుటను నిషేధించుచున్నది. చట్టము ఉన్నది, దానిని పలుకుటకు ధైర్యము కావలెను, ధైర్యము చెప్పు తోడు కావలెను. ఇంటినుండి ఫోను చేసినప్పుడు “డబ్బు పంపితివా?” అని మాత్రమే అడుగక, “అక్కడ నిన్ను ఎట్లు చూచుచున్నారమ్మా?” అని అడుగు తల్లిదండ్రులు ఎందరు? ఆ పిల్లకు మొదటి తోడు ఆ ప్రశ్నయే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న కలదు. ముసలివారు తమ చివరి దినములలో కోరిన కోరికను తీర్చుట ధర్మము కాదా? అందునా మతిభ్రమణము వచ్చినవారు ఏమి మాటలాడుచున్నారో వారికే తెలియదు గదా?

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. కోరికలన్నియు ఒక్కటి కావు. ఒక అమ్మమ్మ తనకు స్నానము చేయించుటకు ఆడమనిషియే కావలెనని కోరినయెడల అది సిగ్గు మర్యాదలకు సంబంధించినది, దానిని మన్నింపవలెను. తన భాష తెలిసినవారు కావలెననుట న్యాయమే. తాను ఎరిగిన తిండి కావలెననుటయు న్యాయమే. ఇవన్నియు అడుగువాని అవసరమునుండి పుట్టినవి. “ఆ రంగు మనిషి నన్ను ముట్టరాదు” అనునది అట్టిది కాదు. అది ఎదుటివానిని తక్కువచేయుటనుండి పుట్టినది. మొదటిదానిని తీర్చుట పరిచర్య. రెండవదానిని తీర్చుట ఆ తక్కువతనమునకు సంతకము చేయుట.

మతి తప్పిన వృద్ధుల విషయము వేరుగా చూడవలెను. వారిని నేరస్థులవలె చూచుట తగదు. భయమువలననో, పాత జ్ఞాపకములవలననో కఠినమైన మాటలు వారి నోట వచ్చును. అప్పుడు వాదింపక, కొంచెము ఆగి, మాట మార్చి, మరల సమీపింపవలెను. అయితే రోగము వృద్ధునికి క్షమాపణ ఇచ్చునే గాని, గృహమును నడుపు అధికారికి మౌనముగా ఉండుటకు సెలవు ఇయ్యదు. ఆ దినము సాయంకాలము ఆ పిల్లను పిలిచి, “నీవు విన్న మాట మేమును వింటిమి, అది తప్పు, నీవు ఒంటరిగా లేవు” అని పై అధికారి చెప్పవలెను. గాయము కలిగించినది మాట. దానికి మందు కూడ మాటయే.

ఇంతవరకు సేవచేయువారిని గూర్చి చెప్పితిమి. సేవపొందువారిలోను పరదేశులున్నారు. కుమారుని యొద్దకు వెళ్లి అమెరికాలోనో ఇంగ్లండులోనో స్థిరపడిన తెలుగు తల్లిని తలంచుకొనుడి. మతిమరపు వ్యాధి ముదిరినప్పుడు తరువాత నేర్చుకొన్న భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాష మిగులుట అనేకులలో కనబడుచున్నది. ఇంగ్లీషు పోయెను, తెలుగు మిగిలెను. చుట్టునున్నవారికి తెలుగు రాదు. దాహమని ఆమె అడిగిన మాట ఎవరికిని తెలియదు. ఉప్పు కారము లేని కూడు ఎదుట పెట్టి, తినలేదని కాగితములో వ్రాసికొందురు. ఎవరును ఆమెను తిట్టలేదు, ఎవరును కొట్టలేదు. అయినను ఆమె వెలుపలనే ఉన్నది. చేర్చుకొనుట అనగా తలుపు తెరచుట మాత్రమే కాదు. లోపల ఆమెకు అర్థమగు పది మాటలు, పప్పన్నము ముద్ద, ఆమె ఎరిగిన కీర్తన ఉండవలెను. అట్టి గృహమునకు సమీపముననున్న తెలుగు సహవాసములవారు వారమునకొక గంట వెళ్లి కూర్చుండుట ఎంత పరిచర్య!

ఇక మన ఇంటికి వత్తము. అక్కడ రంగు చేయు పనిని ఇక్కడ కులము చేయుచున్నది. మన రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955లో వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారిన శాసనము, అంటరానితనము కారణముగా ఆసుపత్రిలో గాని హాస్టలులో గాని చేర్చుకొనకపోవుటను నేరముగా ఎంచుచున్నది. 2007 సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, జిల్లాకు ఒకటి చొప్పునైనను, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుగల ఆశ్రమములను రాష్ట్ర ప్రభుత్వములు స్థాపింపవచ్చునని చెప్పుచున్నది. ఇట్టి ఇండ్లు ఇకమీదట పెరుగును గాని తరుగవు. వాటిలో మన సంఘములు నడుపునవియు ఉండును.

కాబట్టి అట్టి గృహమునకు వెళ్లినప్పుడు గోడమీద వ్రాసిన వాక్యమును మాత్రమే చదివి రాకుడి. కొన్ని సంగతులను కన్నులతో చూడుడి. పడకగదిని శుభ్రపరచువారు, మలమూత్రములెత్తువారు ఏ పేటనుండి వచ్చిరి? వంటగదిలోనికి ఎవరికి ప్రవేశము కలదు? ఆయాకు నీళ్లు ఇచ్చు గ్లాసు వేరుగా ఉన్నదా? ఆమెను “ఏమే” అని పిలుచుచున్నారా, “అమ్మా” అని పిలుచుచున్నారా? కమిటీలో కూర్చున్నవారందరును ఒకే పేటవారా? ఈ ప్రశ్నలకు జవాబులే ఆ గృహపు విశ్వాస ప్రమాణము.

ఈ పోరాటము తెలుగు సంఘమునకు క్రొత్తది కాదు. 1910లో ఎడింబరో పట్టణమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో, తరువాత 1912లో దోర్నకల్ బిషపుగా అభిషేకము పొందిన వేదనాయగము శామ్యూలు అజరయ్యగారు నిలువబడి, మిషనెరీల త్యాగమునకు వందనములు చెప్పుచునే, భారతీయ సేవకులను తమతో సమానులైన స్నేహితులుగా చూడవలెనని తెల్లదొరల యెదుట నిర్భయముగా కోరిరి. చేయు ఉపకారము ఎంత గొప్పదైనను, అందులో సమానత్వము లేనియెడల అది కొరతపడినదేయని ఆయన మాటల సారము. పైవారిని అడిగిన ఆ న్యాయమునే మనము మన ఆయాలకు, వార్డు పనివారికి ఇయ్యవలసియున్నాము.

చివరిగా, ఈ శతాబ్ది సంవత్సరములో చేయదగిన నాలుగు పనులను సంఘముల యెదుట ఉంచుచున్నాము.

మొదటిది: మన వృద్ధుల గృహములలో చేర్చుకొను కాగితముపైననే, ఇక్కడ కులమునుబట్టి గాని రంగునుబట్టి గాని సేవచేయువారిని నిరాకరించుట కుదరదని తెలుగులో స్పష్టముగా వ్రాయించి, చేరువారికిని వారి బిడ్డలకును చదివి వినిపింపవలెను. 

రెండవది: గృహమును నడుపు కమిటీలో పనిచేయువారిలోనుండి ఒకరిని, నివసించు వృద్ధులలోనుండి ఒకరిని చేర్చుకొనవలెను. యెరూషలేములో గరిటె ఎవరి చేతికి వచ్చెనో మరువకుడి. 

మూడవది: ప్రతి సంఘము పరదేశములలో సేవచేయుచున్న తన బిడ్డల పేర్లను వ్రాసికొని, వారి జీతము కొరకు కాదు, వారి క్షేమము కొరకు నెలకొకసారియైనను విచారింపవలెను. 

నాలుగవది: సంవత్సరమునకు ఒకమారు వృద్ధాశ్రమములో వృద్ధులును, ఆయాలును, వంటవారును, పాదిరియు, పెద్దలును ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయవలెను. సణుగుడు భోజనముతో మొదలైనది గనుక సమాధానమును అక్కడనే మొదలుపెట్టుదము.

ప్రియులారా, మనలో ప్రతివారును ఒకనాడు మరియొకరి చేతిమీద ఆనుకొని లేవవలసినవారమే. ఆ చెయ్యి నల్లదో తెల్లదో, ఏ పేటదో, ఏ దేశముదో ఆనాడు మనకు తెలియకపోవచ్చును. ఇప్పుడు కన్నులు బాగుగా కనబడుచుండగానే ఆ చేతిని గౌరవించుట నేర్చుకొందము. వృద్ధుని యెదుట లేచి నిలుచు సంఘము, ఆ వృద్ధుని లేవనెత్తు మనిషి యెదుటను లేచి నిలుచును గాక. ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.